పెద్దలను ఎక్కడ ఉంచాలి?



వృద్ధాశ్రమం అనే మాట ఎత్తితే మనలో చాలామంది తౌబా తౌబా అంటారు. అనడం సులువే. కాని మన శ్రీశైలం ప్రాజెక్టు సంగతి ఆలోచించండి. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసినది మొదలు ఎక్కడెక్కడి మేస్త్రీలు, డ్రైవర్లు, కూలీలు సున్నిపెంటకు వచ్చి ఇక్కడే సంసారాలు పెట్టుకున్నారు. ఆనకట్ట పని అయిపోయింది. పిల్లలు కర్నూలని, హైదరాబాదని, కువైట్ అని బతుకుతెరువుకు పోయినారు. ముసలివాళ్లు మిగిలినారు. కొడుకు డబ్బు పంపుతాడు. రాత్రి దాహమేస్తే నీళ్లిచ్చే మనిషి లేడు. అటువంటి ఇంట్లో ఒంటరిగా వదిలేదానికన్నా మంచి ఆశ్రమం చూడడం తప్పు కాదని మా అభిప్రాయము. చూడకుండా చేర్చడమే తప్పు.

గేటు దగ్గర పూలకుండీలు తరువాత చూడవచ్చు. ముందు మరుగుదొడ్డి చూడండి. మంచం నుంచి అక్కడికి ఎన్ని అడుగులు, దారిలో దీపముందా, పట్టుకోను కమ్మీ ఉందా? జారిపడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డవారిని మనమంతా ఎరుగుదుము. రాత్రి కాపలా ఉండే మనిషి పేరు అడగండి. "అందరం ఉంటామండీ" అన్నారంటే ఎవరూ ఉండరని అర్థం.

ఇక దూరము. శ్రీశైలం నుంచి కర్నూలుకు సుమారు 180 కిలోమీటర్లు. దోర్నాల దాకా నల్లమల ఘాటే. పులుల అడవి కాబట్టి రాత్రిపూట అటవీశాఖవారు గేటు వేస్తారు. ఆంబులెన్సుకు తీసినా ఘాటు దూరం తగ్గదు గదా! గుండెజబ్బు ఉన్నవారికి పెద్దాసుపత్రి ఉన్న కర్నూలో, కడపో మేలు. అయితే నలభై ఏండ్ల ఇరుగుపొరుగు, నమాజులో పక్కన నిలబడే మనిషి కూడా మందులాంటివారే. ఏది వదులుకోవాలో కొడుకులు పంచాయితీ పెట్టి తేల్చేది కాదు, ఆ పెద్దాయననే అడగాలి.

తిండి విషయం మొగమాటం లేకుండా అడగండి. మాంసం హలాలేనా? రంజానులో సహరీకి పొయ్యి వెలిగిస్తారా? వజూకు చలికాలం వేన్నీళ్లిస్తారా? పళ్లూడినవారికి సంగటి మెత్తగా చేసి పెడతారా? ఉర్దూ తప్ప రాని అమ్మీని, ఉర్దూ ఒక్కరికీ రాని చోట చేర్చితే నాలుగు గోడల మధ్య మూగదాన్ని చేసినట్టే.

ఆస్తి సంగతి కూడా చెప్పాలి. ఇల్లు పిల్లల పేర రాసేటప్పుడు, తమను చూసుకోవాలనే షరతు దస్తావేజులో రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం, అట్లా రాసి ఇచ్చినాక చూడకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. మన రాష్ట్రంలో ఆర్డీవోగారే ట్రిబ్యునల్. పోషణకు నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించవచ్చు. ప్రతి జిల్లాలో 150 మంది నిరుపేద వృద్ధులకు చాలే ఆశ్రమం ఉండాలని కూడా ఆ చట్టంలో ఉంది. అడిగేవాళ్లం మనమే కావాలి. వృద్ధుల సహాయానికి 14567 అనే ఫోన్ నంబరు ఉంది, డబ్బు పడదు.

చేర్చేముందు ఒక వారం ఉంచి చూడండి. నడుమ చెప్పకుండా, భోజనం వేళకు పోండి. వారం తిరిగేసరికి ఆయన సంచి సర్దుకొని గేటు దగ్గర కూర్చుంటే, కారణాలు అడగకుండా ఇంటికి తీసుకురండి. మరొకటి చూద్దాము.