నీళ్లు పడ్డ బోరు ఎందుకు పూడుతుంది
(మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నీళ్లు పడక ఏడ్చినవాళ్లను రోజూ చూస్తున్నాం. నేను నీళ్లు పడ్డాక ఏడ్చినవాణ్ణి. మిరప పూత మీదుండగా బోరు కూలింది, మోటారు లోపలే ఇరుక్కుంది. సగం తప్పు నాదే. కేసింగ్‌కి అడుగుకింత అని లెక్క కదా, "ఇక చాల్లే, ఆపండి" అన్నది నేనే. బోరుబండి వాళ్లు కాదనలేదు. వాళ్లకి తెల్లారేసరికి ఇంకో ఊళ్లో ఇంకో బోరు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పత్తి చేలో రోజూ చూసేదే. దాని కింద సుద్ద, ఆ కింద పొడిపొడిగా రాలే మెత్తరాయి. కేసింగ్ ఆ మెత్తరాయిలో ఆపితే పైపు అంచు కిందనుంచి మట్టి జారుతూనే ఉంటుంది. మోటారు ఆడితే నీళ్లు దిగుతాయి, ఆగితే ఎక్కుతాయి. మన కరెంటు సంగతి తెలుసుగా, రోజుకి ఎన్నిసార్లో! ఆ రాకపోకలకి వదులు గోడ నిలవదు.

అందుకని గట్టిరాయి తగిలాక ఇంకో ఐదారడుగులు లోపలికి దిగాకే కేసింగ్ కూర్చోబెట్టాలి. ఒక్క బండ తగిలితే గట్టిరాయి అనుకోవద్దు, దాని కింద మళ్లీ మెత్తన రావచ్చు. పదడుగులకొక గుప్పెడు పొడి గోనెపట్టా మీద వరసగా పోయించండి. ఒకే రంగు పొడి ఆగకుండా వస్తుంటే అప్పుడు నమ్మండి. పైపు చుట్టూ సందు కూడా బంకమట్టితోనో సిమెంటుతోనో పూడ్పించాలి.

ఇది అన్నిచోట్లా పనికిరాదు. బాపట్ల, చీరాల ఇసుకలో కూర్చోబెట్టడానికి రాయేదీ? అక్కడ ఫిల్టర్ పాయింట్లే. ఇంకా లోతుకి పోవాలంటే బెంటనైట్ బురద పోస్తూ తవ్వాలి, ఆ బురద బరువే గోడను పట్టి ఉంచుతుంది. మార్కాపురం వైపు పలకరాయి పొరలుగా ఊడి పడుతుంది. అక్కడ ఊట దగ్గర చీలికలున్న సన్న పైపు లోపల దించుకోవాలి. పిడుగురాళ్ల సున్నపురాయిలో బొరియలుంటాయి. గాలి పక్కకి పోయి పొడి పైకి రాదు.

2002 వాల్టా చట్టం ప్రకారం రిగ్గు రిజిస్టరై ఉండాలి. అది అడగండి. కేసింగ్ ఎన్నడుగులు దించారో బిల్లులో రాయించండి. ముఖ్యంగా కౌలురైతులు. పొలం వదిలితే బోరు వాళ్లది కాదు, అప్పు మాత్రం వాళ్లదే.

పూడిన బోరును అట్లా వదలొద్దు. 2017 ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో బోరుగుంతలో పడ్డ పసివాణ్ణి అర్ధరాత్రి దాటేదాకా తవ్వి బతికించారు. అట్లాంటివి అడుగునుంచి పైదాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. నాది నేను రెండు ట్రాక్టర్ల మట్టి తోలి పూడ్చాను.