ఇల్లు మనదే, మరి కింద స్థలం?
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

పొదుపు, అప్పుల లెక్కలు కార్యదర్శి గారు చదివారు. మేము మా వీధి సంగతి ఒకటి చెప్పి కూర్చుంటాం.

మా సంఘంలో నలుగురి ఇళ్లు ఒకే వరసలో ఉన్నాయి. ఇళ్లు మా అత్తమామలు కట్టుకున్నవే, స్థలం మాత్రం ఒక ఆసామిది. ముప్పై ఏళ్ల లీజు, రిజిస్టరు చేసిన కాగితం ఉంది. నెలకు 300 రూపాయలు స్థలం అద్దె. కడుతూ వచ్చాం గానీ ఆ కాగితం తీసి చదివినవాళ్లం లేం. ఆసామి పోయాక కొడుకులిద్దరూ వచ్చి, "స్థలం మీరే కొనుక్కోండి, లేదంటే బయటివాళ్లకి అమ్మేస్తాం" అన్నారు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు.

మర్నాడు కాగితాలు బయటికి తీశాం. ముగ్గురికి నాలుగేళ్లే మిగిలింది. నాలుగో ఆమె మధ్యలో మళ్లీ రాయించుకుంది, ఆమెకి ఇంకా 22 ఏళ్లుంది. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. కోర్టు దగ్గరున్న న్యాయ సేవల కార్యాలయానికి వెళ్లాం. వకీలమ్మ రెండు మాటలు చెప్పారు. స్థలం ఎవరు కొన్నా, రిజిస్టరు లీజు గడువు తీరేదాకా కొత్త యజమాని కూడా దానికి కట్టుబడాల్సిందే. గడువు తీరితే మాత్రం స్థలం అప్పజెప్పాలి. కాగితంలో వేరే షరతు లేకపోతే, మనం కట్టుకున్నది విప్పుకుని తీసుకుపోవచ్చు. తలుపులు తీసుకుపోతాం సరే, గోడలు ఎట్లా మోసుకుపోతాం అక్కా?

తర్వాత లెక్క వేశాం. 60 గజాలు, గజం 4,000 చొప్పున 2,40,000. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 18,000. మొత్తం 2,58,000. అంతా అప్పే చేస్తే నూటికి రూపాయి వడ్డీ చొప్పున మొదటి నెల వడ్డీయే 2,580. ఇప్పుడు కట్టే అద్దె 300. అద్దె మిగుల్చుకోడానికైతే ఈ కొనుగోలు దండగ. కానీ నాలుగేళ్లున్నవాళ్లు కొనేది అద్దెని కాదు, తలమీద నీడని. అందుకని ఆ ముగ్గురూ కొన్నారు. కొంత పొదుపు, కొంత బంగారం, మిగతాది బ్యాంకు లింకేజీ అప్పు. 22 ఏళ్లున్న ఆమె కొనలేదు, కూతురి చదువు ఆపలేదు. ఆమెని తెలివితక్కువదని మేమెవరం అనలేదు. ఎవరి కాగితం వాళ్లది.

మేం చేసిన తప్పు కూడా చెప్పాలి. తొందరపడి పెద్ద కొడుకు చేతిలో 20,000 బయానా పెట్టి తెల్లకాగితం మీద రాయించుకున్నాం. ఆ తర్వాత తెలిసింది, ఆసామికి ఒక కూతురు కూడా ఉందని. "పెళ్లై వెళ్లిపోయింది, ఆమెతో పనేంటి" అన్నారు అన్నదమ్ములు. తండ్రి వీలునామా రాయలేదు, కాబట్టి కూతురికీ కొడుకులతో సమాన వాటా. ఆమె సంతకం లేకపోతే రేపు మా దస్తావేజుకే ఎసరు. అంతకన్నా, ఆడవాళ్ల సంఘం పేరు చెప్పుకుని ఒక ఆడబిడ్డ వాటా మింగేసి ఇల్లు కట్టుకున్నామంటే మన నోటికి అన్నం సహిస్తుందా? అయిదు నెలలు ఆగాం. ఆమె వచ్చింది, తన వాటా డబ్బు తను తీసుకుంది, సంతకం పెట్టింది. దస్తావేజులు మా ఆడవాళ్ల పేరు మీదే రాయించుకున్నాం.

లీజు స్థలంలో ఉన్న అక్కలకి మా మాట ఇది. గడువు ఎంతుందో ఇంటికెళ్లి ఇవ్వాళే చూసుకోండి. ఈసీ తీయించండి, వారసులందరినీ అడగండి, స్థలం నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోండి. గుడి మాన్యం అయితే మధ్యవర్తి ఎంత తీపిగా మాట్లాడినా పైసా ఇవ్వకండి. ఇంటి పన్ను రసీదు హక్కు కాగితం కాదు. ఇవన్నీ అయ్యాకే బయానా.

ఒక్కరే వెళ్లకండి, సంఘాన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. సెలవు.