సంతకానికి ముందు



ప్రజాస్వామ్యం కూలడమంటే వీధుల్లోకి సైన్యం దిగడమేనని చాలామంది ఊహ. మన దేశపు అనుభవం వేరు. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేశారు. మంత్రివర్గం సమావేశమైంది మర్నాడు తెల్లవారుజామున, అంటే పని ముగిశాక. అయినా కాగితం మీద లోటు కనబడదు: రాజ్యాంగం 352వ అధికరణం ఉంది, ప్రధాని సలహా ఉంది, ఆనక పార్లమెంటు ఆమోదమూ వచ్చింది. ఆపై విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద అధికారులు జనాన్ని నిర్బంధించారు. ఢిల్లీలో తగిన కారణాలు చూడకుండానే ఉత్తర్వులపై సంతకాలు పడ్డాయని తర్వాత ఆ కాలపు అక్రమాలను విచారించిన షా కమిషన్ తేల్చింది. నియంతృత్వానికి చదువుకున్నవాళ్ల సంతకాలు కావాలి. ఇవాళ న్యాయశాస్త్ర పట్టాలు అందుకుంటున్న మీరు రేపు కూర్చోబోయేది సరిగ్గా ఆ సంతకాలు పెట్టే కుర్చీల్లోనే.

ఎన్నికలున్నాయిగా, 1977లో ప్రజలే దిద్దారుగా అని కొందరంటారు. నిజమే, కానీ సగం నిజం. అప్పటికే లోక్‌సభ గడువు పొడిగించారు. ఎన్నికలు పెట్టాలన్న నిర్ణయం ప్రభుత్వం చేతిలోనే ఉంది. పైగా అత్యవసర పరిస్థితి పెట్టిన కాంగ్రెస్ ఉత్తరాదిన తుడిచిపెట్టుకుపోయిన ఆ ఎన్నికల్లోనే ఆంధ్రప్రదేశ్ ఆ పార్టీకి 42 సీట్లలో 41 ఇచ్చింది. జనతా పార్టీ తరఫున నంద్యాలలో గెలిచిన నీలం సంజీవరెడ్డి ఒక్కరే మిగిలారు. మనం ఈ అంకెను ఎందుకో తలచుకోం. ఓటరును తప్పుపట్టడం లేదు. హక్కుల రక్షణ మొత్తాన్నీ ఓటు మీదే వేయలేమంటున్నాను; ఆ భారం సంతకం పెట్టే అధికారుల మీదా ఉంది.

ప్రతి అధికారీ అడ్డుపడితే పాలన నడుస్తుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. నేనడిగేది ధిక్కారం కాదు. కారణం రాతలో ఇమ్మనడం, అధికారం ఏ నిబంధన కింద వచ్చిందో చూపమనడం. 1978లో 44వ సవరణ చేసిందీ ఇదే: మంత్రివర్గ నిర్ణయం రాతపూర్వకంగా అందనిదే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించకూడదంది.

ఒక్కరు కాదంటే ఏం ఒరుగుతుందన్నది కష్టమైన ప్రశ్న. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ కేసులో, నిర్బంధితులు కోర్టుకెక్కే వీల్లేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి 1977లో ఆయనకంటే జూనియర్‌కు దక్కింది. ఆయన మాటే సరైనదని కోర్టు 2017లో ఒప్పుకొంది, గోప్యత హక్కుపై వచ్చిన పుట్టస్వామి కేసులో. ఆ అసమ్మతి నాడు జైల్లో ఉన్న ఒక్కరినీ విడిపించలేదు. విషయం పై కోర్టు దాకా వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆపగలిగిన అవకాశం అంతకుముందే, జిల్లా అధికారి ముందుకు కారణాలు రాయని ఉత్తర్వు వచ్చిన పూటే ఉంది. ఆ అధికారి పక్కన న్యాయ సలహాదారుగా కూర్చునేది మీలో ఒకరు.