పడవ ఎక్కే ముందు పేరు రాయించుకోండి



హాస్టల్ వార్డెన్లం అంటే ఎప్పుడూ చదువు గురించే చెబుతామని మీ అందరికీ తెలుసు. ఈరోజు పడవ పని గురించి చెబుతాం. కొండాపురం మెట్ట ప్రాంతం. వాన పడితే పొలం పని, పడకపోతే వలస. పది పాసై, ఇంటర్ మధ్యలో ఆగిన మగపిల్లలు కావలి దాటి సముద్రం వైపు పని వెతుక్కుంటూ వెళ్తున్నారు. వెళ్లొద్దని మేము చెప్పం. నీళ్లు మనకు కొత్త కాదు. చెరువుల్లో, వాగుల్లో చేపలు పట్టి బతికిన వాళ్లం. శ్రీహరికోటలో, పులికాట్ ఒడ్డున మన యానాది పెద్దలు తరతరాలుగా బతికారు. కాబట్టి పడవ పని మనకు తగిన పనే. అయితే ఎలా ఎక్కుతున్నాం, ఎవరి లెక్కలో ఎక్కుతున్నాం అన్నది చూసుకోవాలి.

మొదట పని ఎప్పుడు, ఎక్కడ దొరుకుతుందో చెబుతాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉంటాయి. చెక్క బాగుచేస్తారు, రంగు వేస్తారు, వలలు కుడతారు, ఇంజన్ విప్పి చూస్తారు. పని అడగడానికి అదే సరైన సమయం. బోగోలు మండలంలో జువ్వలదిన్నె రేవు మనకు దగ్గర. బాపట్ల జిల్లాలో నిజాంపట్నం ఉంది. దూరం వెళ్లగలిగితే కాకినాడ, విశాఖపట్నం ఉన్నాయి. మొదటి రోజే సముద్రంలోకి తీసుకెళ్లమని అడగకండి. వల కుట్టడం, ఐసు మోయడం, చేపలు దించడం, బోటు కడగడం వంటి ఒడ్డు పనులు ముందు చేయండి. నెల రోజులు ఒడ్డున ఉంటే ఏ యజమాని లెక్క సరిగా ఇస్తాడో, ఏ డ్రైవరు తాగి బోటు నడుపుతాడో మీకే తెలిసిపోతుంది. ఆ ఊళ్లు మత్స్యకారుల ఊళ్లు. వాళ్ల కట్టుబాట్లు వాళ్లకుంటాయి. అక్కడి పెద్దలతో మర్యాదగా మాట్లాడి, ఫలానా ఊరి పిల్లలమని చెప్పుకోండి.

రెండోది డబ్బు. మరబోట్ల మీద కూలి కొన్నిచోట్ల రోజు లెక్క, కొన్నిచోట్ల వాటా లెక్క. వాటా అంటే చేప అమ్మిన డబ్బులో డీజిలు, ఐసు, తిండి ఖర్చులు పోగా మిగిలినదాన్ని బోటుకు, పనివాళ్లకు పంచడం. ఏయే ఖర్చులు తీస్తారు, మిగిలినదాంట్లో మీకు ఎంత, వేట పడకపోతే ఏమిటి అన్న మూడు ప్రశ్నలు ఎక్కకముందే అడగండి. జవాబును ఫోన్‌లో రాసుకోండి.

అడ్వాన్సు మాత్రం తీసుకోవద్దు. పెళ్లికనో, ఆసుపత్రికనో ఇరవై వేలు చేతిలో పెడతారు. ఆ తర్వాత తీరేదాకా కదలడానికి లేదంటారు. వడ్డీ వాళ్లు చెప్పిందే వడ్డీ, లెక్క వాళ్లు రాసిందే లెక్క. మన కుటుంబాలు ఇటుక బట్టీల్లో, రొయ్యల చెరువుల మీద ఈ ఉచ్చులో ఎలా పడ్డాయో ఇక్కడ కూర్చున్న పెద్దలకు బాగా తెలుసు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఇలాంటి అప్పు చెల్లదు. ఎవరినైనా అలా ఆపి ఉంచితే ఆర్డీవోకు గాని కలెక్టర్‌కు గాని రాతపూర్వకంగా ఇవ్వండి. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలకు సంబంధించి 14566 నంబరు ఉంది. మనవాళ్ల చేత వెట్టి చేయించడం ఆ చట్టం కింద కూడా నేరమే.

మూడోది, ఈరోజు మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది, మీ పేరు. 'తండేల్' సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అది జరిగిన కథ మీద తీసిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద కూలికి వెళ్లారు. 2018 నవంబరులో పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న అవతలి దేశపు వాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇంట్లోవాళ్లు మా మనిషి ఫలానా బోటులో ఉన్నాడని గట్టిగా చెప్పగలిగితేనే ఇలాంటి చోట అడగడానికి దారి దొరుకుతుంది. అంత దూరం పోనక్కర్లేదు. మన తీరంలోనే తుపానులో బోటు తప్పిపోతే, అందులో ఎవరున్నారో ఒడ్డున ఎవరికీ తెలియకపోతే, వెతికేవాళ్లు ఎంతమందిని వెతకాలి? ఇంట్లో తల్లి ఏ ఆఫీసుకు పోయి ఏమని అడగాలి?

అందుకే పేరు మూడు చోట్ల ఉండాలి. ఒకటి, మత్స్యశాఖ దగ్గర. తీరపు సచివాలయాల్లో గ్రామ మత్స్య సహాయకులు ఉంటారు. బోటు పనివాళ్ల నమోదు, గుర్తింపు కార్డు గురించి వాళ్లనే అడగండి. నమోదైన వాళ్లకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా ఉంటుంది. ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు. పేరు లేకపోతే అదీ లేదు. రెండు, బోటు యజమాని ఒడ్డున ఉంచే పట్టీలో. మూడు, మీ ఇంట్లో. బోటు ముక్కు మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు ఫోటో తీసి, డ్రైవరు ఫోన్ నంబరు, ఎన్నిరోజుల వేట అన్నది కలిపి ఇంటికి పంపండి. నంబరు లేని బోటు ఎక్కవద్దు. 18 నిండని తమ్ముళ్లు ఏ బోటూ ఎక్కవద్దు.

ఇక డెక్కు మీద. ఈత వచ్చు కదా అని లైఫ్ జాకెట్ పక్కన పెట్టకండి. చెరువులో ఈత వేరు, అల మీద ఈత వేరు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది. ప్రాణాలతో బయటపడిన 26 మందిలో చాలామందిని కాపాడింది ఒంటి మీదున్న లైఫ్ జాకెట్, నాటు పడవలు వేసుకొని వచ్చిన గట్టు ఊళ్ల మనుషులు. జాకెట్ మూల పడి ఉంటే పని చేయదు, తొడుక్కుంటేనే పని చేస్తుంది.

చుట్టగా పడి ఉన్న తాడు మధ్యలో కాలు పెట్టకండి. వల దిగేటప్పుడు ఆ చుట్ట బిగిసి కాలితో సహా మనిషిని లాక్కుపోతుంది. బిగిసి ఉన్న తాడుకు ఎదురుగా నిలబడకండి, తెగితే కొరడా కంటే గట్టిగా కొడుతుంది. వల లాగే వించి దగ్గర వదులు చొక్కా, తువ్వాలు, చేతి తాడు, కడియం వద్దు. రాత్రిపూట ఒంటరిగా బోటు అంచుకు పోకండి. అవసరం తీర్చుకోవడానికి వెళ్లినా ఇంకొకరికి చెప్పి వెళ్లండి. మద్యం తాగి డెక్కు మీదకు రావద్దు.

చేపలు వేసే లోపలి గదిలోకి, మూత తీసి గాలి ఆడకముందే దిగకండి. కుళ్లిన చేపల నుంచి విషవాయువు వస్తుంది, ప్రాణవాయువు తగ్గిపోతుంది. పాత బావిలో ఒకడు పడిపోతే, తీయడానికి దిగినవాడూ పడిపోయిన సంగతులు మనం విన్నాం. ఇదీ అంతే. పైనుంచి కేక వేయండి, గాలి పంపండి, తాడు కట్టుకోకుండా దిగకండి.

ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా అరవండి. ఒకరు వేలు చూపిస్తూ అతని మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడాలి. ఇంకొకరు తేలే వస్తువు ఏది దొరికితే అది విసరాలి. డ్రైవరుకు వెంటనే తెలియాలి. వెనకే దూకవద్దు. ఫోన్ అందే దూరంలో ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554. దూరం పోతే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ ఛానెల్. అది ఎలా వాడాలో మొదటి రోజే డ్రైవరును అడిగి నేర్చుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన తీరానికి తుపానుల కాలం. వాతావరణ శాఖ వద్దన్న రోజున యజమాని రమ్మన్నా వెళ్లకండి. ఆ రోజు కూలి పోతే పోయింది.

చివరిగా, కలాసీ పనితోనే ఆగిపోకండి. విశాఖపట్నంలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్ ఉంది. బోటు నడపడం, ఇంజన్ బాగుచేయడం రెండేళ్ల కోర్సులుగా నేర్పుతారు. పదిలో లెక్కల్లో, సైన్సులో విడివిడిగా 40 శాతం కావాలి. వయసులో ఎస్టీలకు సడలింపు ఉంటుంది. పెద్ద ఓడల మీదకైతే ఆరు నెలల జీపీ రేటింగ్ శిక్షణ ఉంది. లక్షలు కట్టు, ఓడ ఉద్యోగం ఇప్పిస్తామనే వాళ్లను నమ్మకండి. ఓడ పనికి మనుషుల్ని పెట్టే ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ ఇచ్చిన లైసెన్సు ఉండాలి, ఉద్యోగం ఇప్పించినందుకు అతను మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఫారాలు నింపడం రాకపోతే మా హాస్టల్‌కు రండి. పాత విద్యార్థులైనా, కాకపోయినా కూర్చోబెట్టి నింపిస్తాం.

ఈ నెలలో ఎవరైనా రేవుకు బయల్దేరుతుంటే, బస్సు ఎక్కే ముందు మీ పేరు, బోటు నంబరు, ఇంటి ఫోన్ సంఘం కార్యదర్శి దగ్గర ఉన్న పుస్తకంలో రాసి వెళ్లండి. బోటు నంబరు ఇంకా తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి, తెలిసిన రోజున ఫోన్ చేసి చెప్పండి. సెలవు.