వెనక సీటు మాట

ఈ ఆదివారం ఓ పావుగంట ఏదైనా మాట్లాడమని రేడియో మిత్రులు అడిగారు. "నాకేం తెలుసండీ, డేటాబేసులూ కాన్ఫరెన్స్ కాల్సూ తప్ప" అన్నాను. "మీరూ మీ ఆవిడా మోటార్ సైకిల్ మీద ఎక్కడికో తిరిగొచ్చారటగా, అది చెప్పండి" అన్నారు. సరే, అదే చెబుతాను.

ముందే చెప్పేస్తున్నాను, ఇది సాహసయాత్ర కాదు. మేం ఎడారులు దాటలేదు, మంచు కొండలు ఎక్కలేదు. 2023 అక్టోబరులో ఉత్తర వర్జీనియాలో మా ఇంటి దగ్గర బయల్దేరి, బ్లూ రిడ్జ్ కొండల మీదుగా నార్త్ కెరొలినాలోని చెరొకీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చాం. ఏడు రోజులు, పదకొండు వందల మైళ్ళ పైచిలుకు. కార్లో వెళ్తే పిల్లా పీచూ అందరూ హాయిగా చూసి రాగలిగిన దారే. కానీ మా ఇంట్లో మోటార్ సైకిల్ అన్న మాట చాలా ఏళ్ళు ఎవరూ పలికేవాళ్ళు కాదు. అందుకని ఈ ప్రయాణం మాకు పెద్దది.

నాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ హీరో హోండా మీదే గడిచాయి. మా ఆవిడది గుంటూరు. మా పెళ్ళయిన ఏడాదికి, 2013లో, తన తమ్ముడు విజయవాడ నుంచి రాత్రిపూట బండి మీద ఇంటికొస్తూ పోయాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. హెల్మెట్ ఉంది. ఇంట్లో చిలక్కొయ్యకి వేలాడుతూ ఉంది. ఆ తర్వాత మా ఆవిడ బండి ఎక్కలేదు. నేనూ అడగలేదు. తర్వాత మేం అమెరికా వచ్చేశాం.

ఇక్కడ నాతో పనిచేసేవాళ్ళు వేసవి వస్తే చాలు, బళ్ళు తుడుచుకుని వారాంతాలు కొండల్లోకి పోతారు. వాళ్ళని చూసి నాకూ ఆశ పుట్టింది. ఇంట్లో నోరు విప్పి అడగడానికి రెండేళ్ళు పట్టింది. అడిగిన రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత, అన్నం తింటున్నప్పుడు, "నేర్చుకుంటే ఇద్దరం నేర్చుకోవాలి. బండి మీద ఏం జరుగుతోందో నాకు తెలియకుండా నేను వెనక కూర్చోను" అంది.

దగ్గర్లోని ఒక కాలేజీలో మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళ ప్రాథమిక శిక్షణ ఉంటే ఇద్దరం చేరాం. క్లాసులో కొంత, ఖాళీ పార్కింగ్ స్థలంలో చిన్న బళ్ళ మీద కొంత నేర్పిస్తారు. పాసయితే డీఎంవీలో మళ్ళీ బండి నడిపి చూపించక్కర్లేదు. ఇప్పుడు నవ్వకండి. జీవితంలో ఎప్పుడూ హ్యాండిల్ పట్టని మా ఆవిడ మొదటిసారే పాసయింది. పదేళ్ళు బండి తోలిన నేను ఫెయిలయ్యాను!

నేను కారణం అడిగితే శిక్షకుడు ఓపిగ్గా చెప్పాడు. మలుపు తిరిగేటప్పుడు నా చూపు ముందు చక్రం మీద ఉంటోంది, వెళ్ళాల్సిన చోటు మీద ఉండటం లేదు. యూ-టర్నులో కాలు కింద పెట్టేశాను. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకు అంటే నా కుడికాలే కదులుతోంది. మన ఊళ్ళో మనకి పెద్దలు చెప్పేది అదే కదండీ, "ముందు బ్రేకు పట్టకురా, పల్టీ కొడతావు" అని. నిజానికి బండి ఆగే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. గబుక్కున గుంజకుండా, క్రమంగా బిగించాలి. ఆమెకి పాత అలవాట్లు లేవు కాబట్టి చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను నేర్చుకున్నది మర్చిపోవడానికే ఇంకో వారాంతం పట్టింది.

తర్వాత 650 సీసీ సెకండ్ హ్యాండ్ బండి ఒకటి కొన్నాం. బండి ధర సంగతి అటుంచి, తల నుంచి కాలిదాకా సామాను కొనడానికే చాలా అయింది. మొహం మొత్తం కప్పే హెల్మెట్లు, మోకాళ్ళకీ మోచేతులకీ గట్టి బిళ్ళలున్న జాకెట్లూ ప్యాంట్లూ, చీలమండలు దాటే బూట్లు. హెల్మెట్లలో పెట్టుకుని మాట్లాడుకునే ఇంటర్‌కామ్ కూడా కొన్నాం. వర్జీనియాలోనూ నార్త్ కెరొలినాలోనూ నడిపేవాళ్ళకీ వెనక కూర్చున్నవాళ్ళకీ ఇద్దరికీ హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ వల్ల చావు తప్పే అవకాశం నడిపేవాళ్ళకి 37 శాతం, వెనకవాళ్ళకి 41 శాతం అని ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ అంచనా. ఆ రెండో అంకె చూసి మా ఆవిడ, "చూశారా, నాకే ఎక్కువ అవసరం" అంది.

ఇక దారి సంగతి. మొదటి రోజు ఫ్రంట్ రాయల్ దగ్గర స్కైలైన్ డ్రైవ్ ఎక్కాం. షెనన్‌డోవా పార్కు మధ్యలో 105 మైళ్ళు, వేగం 35 మైళ్ళకి మించకూడదు. అది అయిపోయిన చోటే, వేన్స్‌బరో పక్కన, బ్లూ రిడ్జ్ పార్క్‌వే మొదలవుతుంది. దాని పొడవు 469 మైళ్ళు. సిగ్నల్ లైట్లు లేవు, సరుకు లారీలు రావు, హోర్డింగులు లేవు. మైలు మైలుకీ ఒక రాయి. గరిష్ఠ వేగం 45. పెట్రోలు బంకు ఒక్కటి కూడా లేదు. కొండ దిగి పక్క ఊరికి పోయి పోయించుకోవాల్సిందే. అక్టోబరు కాబట్టి కొండలన్నీ పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టున్నాయి.

పొద్దున్నే మోటెల్లో కాఫీ తాగి బయల్దేరడం, ఎక్కడో లోయ కనిపించే చోట ఆగి డబ్బాలో పులిహోర తినడం. చింతపండు పులిహోర రెండో రోజుకి ఇంకా బావుంటుందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకచోట డెబ్బై దాటిన జంట పెద్ద బండి మీద వచ్చి మా పక్కన ఆగారు. ఆ పెద్దావిడకి చెరో చెంచాడు పెట్టాం. కళ్ళు తుడుచుకుంటూనే రెండోసారి అడిగింది.

అన్నిటికంటే నాకు కొత్తగా అనిపించింది మా మాటలు. ఇంట్లో మేం మాట్లాడుకునేదంతా పనుల గురించే. కరెంటు బిల్లు కట్టారా, వీసా కాగితాలు వచ్చాయా, పాలు తెచ్చారా. బండి మీద ఇంటర్‌కామ్‌లో, ఒకరి మొహం ఒకరికి కనపడకుండా, గంటల తరబడి మాట్లాడుకున్నాం. తమ్ముడి చిన్నప్పటి సంగతులు ఆమె నాకు చెప్పింది అక్కడే. పదేళ్ళలో అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు మూడో రోజు సంగతి. మీకు చెప్పాల్సింది ఇదే.

ఆ పొద్దున రోనోక్‌లో బయల్దేరాం. 176వ మైలు దగ్గర మేబ్రీ మిల్ అని పాత నీటి మర ఉంది. అక్కడ ఫొటోలతో ఆలస్యం చేశాం. ఆ రాత్రికి బ్లోయింగ్ రాక్‌లో గది తీసుకున్నాను, రద్దు చేసినా డబ్బు వెనక్కి రాని రకం. ఆ ఊరు పార్క్‌వే మీద 290 మైళ్ళు దాటాక వస్తుంది. మేం నార్త్ కెరొలినా సరిహద్దు దాటి 217వ మైలుకి వచ్చేసరికే సాయంత్రమైంది. ఈ రోడ్డు పని 1935 సెప్టెంబరులో మొదలైంది అక్కడే. సన్నగా తుంపర, దాని వెనకే పొగమంచు. రోడ్డంతా తడిసిన ఆకులు.

"ఏవండీ, ఇవాళ్టికి ఆపేద్దాం. కింద ఏదో ఊరు ఉంటుంది" అంది.

"ఎంతోసేపు లేదు, ఇంకో గంటన్నరే" అన్నాను.

పది నిమిషాలాగి మళ్ళీ అంది, "నాకు సరిగ్గా కనపడటం లేదు. మీకు కనపడుతోందా?"

"కనపడుతోందిలే" అన్నాను. అబద్ధం. పోయే డబ్బూ, వేడినీళ్ళ స్నానమూ తప్ప నాకు ఏమీ కనపడటం లేదు.

ఇంకో రెండు మైళ్ళు పోయామో లేదో, మలుపులో మూడు లేళ్ళు. రెండు దాటేశాయి, మూడోది రోడ్డు మధ్యలో నిలబడి మా లైటు వంక చూస్తోంది. రెండు బ్రేకులూ పట్టాను. నేర్చుకున్నట్టు మెల్లగా బిగించాను కాబట్టి వేగం చాలావరకు తగ్గింది. కానీ ఆకుల మీద వెనక చక్రం పక్కకి జారింది. బండి గడ్డిలోకి పోయి, మెల్లగా ఎడమవైపుకి ఒరిగి పడింది. లేడి వెళ్ళిపోయింది.

మాకు దెబ్బలు తగల్లేదు. పక్క పెట్టె పగిలింది, అద్దం విరిగింది. ఆమె ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి లోపలి బిళ్ళ బయటికి కనపడింది. ఆ బిళ్ళ లేకపోతే ఏమయ్యేదో ఇద్దరం చూశాం. ఆమె వెళ్ళి రోడ్డు పక్క రాతి గోడ మీద కూర్చుంది. హెల్మెట్ తీయలేదు. నేను బండి లేపి, ఇంజను ఆపి, పక్కకి వెళ్ళి నిలబడ్డాను. సారీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది:

"వాడు కూడా ఆ రాత్రి ఫోన్లో అదే అన్నాడండీ. చీకటి పడింది, అక్కడే ఫ్రెండు రూములో పడుకుని పొద్దున్నే రారా అంటే, ఎంతోసేపు లేదక్కా, ఇంకో అరగంటే అన్నాడు."

ఆ మాట నాతో అంతకుముందెప్పుడూ చెప్పలేదు. వాళ్ళమ్మకి కూడా చెప్పలేదట. గట్టిగా చెప్పి ఆపాల్సింది, ఆపలేకపోయానని పదేళ్ళుగా లోపలే దాచుకుంది. అలాంటి మనిషి అన్నీ ఆలోచించుకుని, పరీక్ష పాసయి, నన్ను నమ్మి నా వెనక కూర్చుంది. ఆమె రెండుసార్లు ఆపమంటే నేను చెప్పిన జవాబు, ఇంకో గంటన్నరే.

229వ మైలు దగ్గర పార్క్‌వే దిగి, స్పార్టా అనే చిన్న ఊళ్ళో గది తీసుకున్నాం. బ్లోయింగ్ రాక్ గది డబ్బులు పోయాయి. ఆ రాత్రే ఒక నియమం పెట్టుకున్నాం. వెనకవాళ్ళు ఆపమంటే ఆపాలి. కారణం అడగకూడదు, ఎంత దూరమో లెక్క చెప్పకూడదు. సురక్షితమైన చోటు కనపడగానే ఆపి, తర్వాతే మాట్లాడాలి. నడిపేవాడి చేతిలో బ్రేకు ఉంటుంది, వెనకవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు, మాట తప్ప. ఆ మాట పనిచేయకపోతే వాళ్ళు బండి మీద కట్టిన సామాను కింద లెక్క.

ఇంకో పని కూడా చేసింది. మేం కార్లో తిరుగుతున్నామని అత్తగారికి అబద్ధం చెప్పి బయల్దేరాం. ఆ రాత్రి తొమ్మిదికి, గుంటూరులో పొద్దున్న ఆరున్నర, ఆమె ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేసింది. పడిపోయిన సంగతి, తమ్ముడి ఆఖరి మాటతో సహా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తల్లీ కూతుళ్ళు ఏడవనిచ్చి నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను. లోపలికి వచ్చేసరికి స్పీకరులో అత్తగారి గొంతు.

"ఇద్దరికీ హెల్మెట్ ఉందా?"

"ఉందమ్మా."

"అల్లుడుగారు నీ మాట వింటారా?"

మా ఆవిడ నా వంక చూసి, "వింటారు. ఈ రాత్రి నుంచి" అంది.

మిగతా దారి నెమ్మదిగా వెళ్ళాం. గ్రాండ్‌ఫాదర్ కొండ పక్కన లిన్ కోవ్ వంతెన చూశాం. కొండని తవ్వకుండా, దాని ఒంటి చుట్టూ 153 కాంక్రీటు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి చేర్చి కట్టారు. ఆ కొంచెం దారి కోసమే పార్క్‌వే మొత్తం 1987 దాకా ఆగింది. మొదలుపెట్టినప్పటి నుంచి 52 ఏళ్ళు! గంటన్నర ఆగలేని నేను ఆ వంతెన మీద నించుని కాస్త సిగ్గుపడ్డాను. రిచ్‌లాండ్ బాల్సమ్ దగ్గర ఈ రోడ్డు 6053 అడుగులకి చేరుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. "ఆపండి" అంది, ఆపాను. ఫ్లాస్కులో టీ తాగాం. ఐదో రోజు చెరొకీ చేరాం.

మీరు వెళ్ళాలనుకుంటే రెండు మూడు మాటలు. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను ఆ కొండలని అతలాకుతలం చేసింది. నార్త్ కెరొలినా వైపు పార్క్‌వే చాలాచోట్ల కొట్టుకుపోయి మూతపడింది. దశల వారీగా బాగుచేస్తూ వచ్చారు. కాబట్టి బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీసు వాళ్ళు ఏ మైలు నుంచి ఏ మైలు దాకా తెరిచారో చూసుకోండి. రోజుకి 150 మైళ్ళకి మించి పెట్టుకోకండి. పొద్దుగూకే వేళకి బండి దిగిపోండి, లేళ్ళు రోడ్డు మీదకి వచ్చేది అప్పుడే. రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇచ్చే గదులే తీసుకోండి. ఆ పది డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదు.

కిందటిసారి ఇండియా వెళ్ళినప్పుడు, అత్తగారింట్లో ఉండి చదువుకుంటున్న కుర్రాడికి, మా ఆవిడకి మేనమామ మనవడు, ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనిచ్చాం. ఒకటి వాడికి, ఒకటి వెనక ఎక్కే స్నేహితుడికి. చిలక్కొయ్యకి పాత హెల్మెట్ అలాగే ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు. కొత్తవాటిని వాడు దాని పక్కన తగిలించబోతే అత్తగారు ఒప్పుకోలేదు. రెండింటినీ వీధి తలుపు గొళ్ళేనికి తగిలించింది. అవి చేతిలోకి తీసుకుంటే గానీ తలుపు తెరుచుకోదు.

క్షేమంగా తిరగండి. సెలవు.