సి.పి.ఏ. పరీక్షయు, రాష్ట్రపు లైసెన్సును


అమెరికాలో గణకవృత్తి నవలంబింపఁగోరు మన యువతీయువకులకు ఒక విన్నపము. సి.పి.ఏ. పరీక్ష ఆ దేశమంతటికిని ఒక్కటియే. మూడు ముఖ్యభాగములు, తాను కోరుకొన్న ప్రత్యేకభాగ మొకటి. ఒక్కొక్కదానఁ గనీసము 75 మార్కులు రావలయును. దానిని హైదరాబాదులోను వ్రాయవచ్చును.

కాని లైసెన్సు నిచ్చునది రాష్ట్రము. 1896లో న్యూయార్కు తొలిచట్టము చేసిననాఁటినుండియు నిదియే పద్ధతి. చదు వెంత, అనుభవ మెంత యను నియమములు అన్నిచోట్ల నొకతీరున లేవు. మన మూడేండ్ల బి.కాం. పట్టమునకును అంతట నొకే విలువ గట్టరు. పరీక్ష నెగ్గినంతమాత్రమున నా బిరుదు పెట్టుకొనరాదు.

కావున రుసుము చెల్లింపకముందే రాష్ట్రము నెన్నుకొని, దాని బోర్డు నియమములు చదువుఁడు. పోషకులారా! పరీక్షరుసుమునకే గాక, పట్టముల పరిశీలనవ్యయమునకును తోడ్పడుఁడని ప్రార్థించుచున్నాను.