ఇంజను దిమ్మె - అదురుకు అదుపు



ఆయిల్ ఇంజను కొనేటప్పుడు ఎన్ని గుర్రాల బలం, ఎంత నూనె తాగుతుంది, ధర ఎంత అని నలుగురినీ విచారిస్తాము. అది కూర్చునే దిమ్మె సంగతి మాత్రం ఎవరినీ అడగము. మిగిలిన సిమెంటుతో జానెడు ఎత్తు గచ్చు పోయించి, నాలుగు బోల్టులు బిగించి ఊరుకుంటాము. తీరా వరి పొట్టమీద ఉన్నప్పుడు అదురుకు ఆ బోల్టులు వదులవుతాయి. నీరు పీల్చే గొట్టం అతుకులు సడలి గాలి జొరబడుతుంది. ఇంజను తిరుగుతూనే ఉంటుంది, కాలువలో చుక్క నీరుండదు.

ఈ అదురు ఎందుకు పుడుతుంది? ఇంజనులో పిస్టను పైకీ కిందికీ కొట్టుకుంటుంది. తిరిగే చక్రంలో ఒకవైపు ఏ కొంచెం బరువు ఎక్కువైనా అది బయటికి లాగుతుంది. బండిచక్రానికి బంకమట్టి అంటుకుంటే మనకు తెలియదు, ఎందుకంటే ఎద్దుల నడక నెమ్మది. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను సెకనుకు 25 సార్లు తిరుగుతుంది. వేగం రెండింతలైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది.

ఈ లాగుడును మింగవలసినది దిమ్మె బరువు. పిస్టను ఉన్న ఇంజనుకు, దాని బరువుకు సుమారు ఐదింతలు దిమ్మె ఉండవలెను. కరెంటు మోటారుతో తిరిగే పంపుకు మూడింతలు చాలును. బోరులోకి దింపే మోటారుకు ఈ బాధే లేదు.

ఒక లెక్క చూతాము. ఇంజను, పంపు, వాటి ఇనుప చట్రం కలిపి 250 కిలోలు అనుకోండి. చట్రం మూడు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. చుట్టూ అర అడుగు వదిలితే దిమ్మె నాలుగడుగులు, రెండున్నర అడుగులు అవుతుంది. రెండడుగుల మందం పోస్తే 20 ఘనపుటడుగులు. ఘనపుటడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగుతుంది గనుక మొత్తం 1360 కిలోలు. అంటే ఐదింతలకు పైనే. ఒకపాలు సిమెంటు, రెండుపాళ్ళు ఇసుక, నాలుగుపాళ్ళు కంకర కలిపి, మధ్యలో ఆపకుండా ఒకే రోజున పోయించండి. దిమ్మె నడిమధ్యకు సరిగా పైన యంత్రం బరువు పడవలెను. ఒక పక్కకు ఒరిగితే దిమ్మె ఊగుతుంది.

బరువొక్కటే చాలదు. దిమ్మెను షెడ్డు గోడకు గాని, గచ్చుకు గాని కలపకూడదు. చుట్టూ రెండంగుళాల సందు వదిలి ఇసుక నింపండి. కలిపితే అదురు గోడకు పాకి బీటలు తీస్తుంది. బావి ఒడ్డున మరీ జాగ్రత్త. పంపు నీటికి దగ్గరగా ఉండాలి, నిజమే. అయినా నిత్యం అదిరే దిమ్మె కిందినుంచి వదులు మట్టి జారి బావి గోడ కూలవచ్చును. గట్టి నేల ఉన్న వైపే ఎంచుకోండి. నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంగుతుంది. కాబట్టి గట్టి నేల తగిలేదాకా తవ్వాలి.

దిమ్మె పోసేటప్పుడే బోల్టులకు గుంటలు వదలండి. తరువాత యంత్రాన్ని పెట్టి, ఇనుప బిళ్ళలతో ఎత్తు సరిచేసి, రసమట్టంతో చూసి, గుంటలలో పలుచని సిమెంటు ఇసుక పోయండి. అది గట్టిపడ్డాకే నట్లు బిగించండి. దిమ్మెను పది రోజులు తడుపుతూ ఉండాలి. కాంక్రీటుకు సత్తువ రావడానికి 28 రోజులు పడుతుంది. అందుచేత నాటుకు నెల ముందే ఈ పని ముగించుకోండి.

ఇక పరీక్ష చూడండి. ఇంజను నడుస్తుండగా పక్క గచ్చుమీద చెంబెడు నీళ్ళు పెట్టండి. నీళ్ళు నిలకడగా ఉంటే దిమ్మె తన పని తాను చేస్తున్నదన్నమాట. వేగం పెంచుతుంటే ఏదో ఒకచోట ఉన్నట్టుండి అదురు హెచ్చుతుందా? ఉయ్యాలను సరైన సమయానికి తోస్తే పెద్దగా ఊగినట్లే ఇదీను. ఆ వేగంలో నడపకండి. నడిపే వేగమే అదయితే ఫిట్టరుకు చూపించి దిమ్మెను మార్పించండి.

నాలుగు బస్తాల సిమెంటు ఇవాళ ఖర్చుగానే కనబడుతుంది. పైరు ఎండే రోజున, బావి నిలిచి, పంపు నీరు పోస్తూ ఉంటే ఆ ఖర్చు దండుగ కాదని మీకే తెలుస్తుంది.